మనమా, మేమా

ఓడ వచ్చి రేవు నోట్లో అడ్డంగా పడుకున్నప్పుడు ఊరు పెద్దగా కంగారు పడలేదు. వచ్చినవాళ్ళు పోకుండా ఉంటారా అనుకుంది. కానీ ఆ ఓడ ఒక పక్కకి ఒరిగి, పొట్ట సగం దాకా బురదలోకి దించేసి, అత్తారింట్లో అలిగిన కొత్తల్లుడిలా ఇక లేవనని భీష్మించింది. ముక్కు ఒక గట్టుకి, తోక ఇంకో గట్టుకి ఆనుకున్నాయి. మిగిలిన సందులోంచి తెప్పలూ దోనెలూ దూరిపోతాయి గానీ, వారాల తరబడి వేటకు పోయే పెద్ద పడవలు రేవులోపలే ఉండిపోయాయి.

ఇంతకీ అందులో ఏముందయ్యా అంటే ఉన్ని కోట్లు. ఎక్కడో చలిదేశాల్లో తొడిగి తొడిగి మొహం మొత్తిన కోట్లను మూటలు కట్టి, వేడిదేశాల బీదవాళ్ళకు దానంగా పంపిస్తున్నారట. ఉక్కపోతకి ఒంటిమీద చొక్కా నిలవని ఊళ్ళో ఆ కోట్లన్నీ అలల మీద తేలి వచ్చి గట్టంతా పరుచుకున్నాయి. ఐసు ఫ్యాక్టరీ కూలీలు తప్ప వాటిని తొడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. మిగతావాళ్ళు వాటితో వలలు కప్పారు, కోళ్ళగూళ్ళకి పరదాలు కట్టారు. పడవలవాళ్ళ సరంగు కుక్క మాత్రం బొచ్చు కాలరున్న కోటు మీద తప్ప పడుకోనని అలవాటు చేసుకుంది.

ఓడ ఎవరిదని అడగడం మొదలుపెట్టాక అసలు తమాషా బయటపడింది. దాని మీద ఎగిరే జెండా ఒక దేశానిది. ఆ దేశానికి సముద్రమే లేదు. సొంతదారు కంపెనీ ఇంకో దేశంలో ఉంది. ఉందంటే, ఒక మేడలో ఒక తపాలా పెట్టె మీద దాని పేరుంది. బీమా మరో దేశానిది, సరుకు వేరొక దేశానిది. తేలినంతకాలం ఓడకి బోలెడుమంది తండ్రులు. ములిగాక దిక్కూ దివాణం లేదు. నడిపిన నావికులు ఇంకెక్కడివాళ్ళో, పాపం, మనలాంటి లేనివాళ్ళే. ఊళ్ళో ఇళ్ళల్లో తిని, ఊళ్ళో అరుగుల మీద పడుకుని, వెళ్ళే రోజున కళ్ళనీళ్ళు పెట్టుకుని మమ్మల్ని క్షమించండి అన్నారు. క్షమాపణ చెప్పింది వాళ్ళొక్కరే. చట్టం ప్రకారం వాళ్ళ క్షమాపణ చెల్లదట.

ఊరు అర్జీల మీద అర్జీలు పెట్టుకోగా పెట్టుకోగా, దేశాలన్నీ కలిసి వేసిన ఒక విచారణ సంఘం చివరికి దిగివచ్చింది. చేపలు లేక ఐసుతో పని తగ్గిన ఫ్యాక్టరీ పై అంతస్తులో వాళ్ళకి కుర్చీలు వేశారు. కూలీలకు జీతాలిచ్చే గాజు కౌంటరును దుబాసీ గదిగా మార్చారు. దుబాసీ అంటే వాళ్ళ ఇంగ్లీషు ఊరి చెవిలో వేసి, ఊరి మాట వాళ్ళ చెవిలో వేసే మనిషి. ఆ ఉద్యోగానికి షరతు ఒక్కటే: ఊళ్ళో ఎవరితోనూ చుట్టరికం ఉండకూడదు.

ఆ షరతు విని ఊరు కడుపు పట్టుకుని నవ్వింది. రెండు భాషలూ క్షుణ్ణంగా వచ్చిన మనిషి అక్కడ ఒకర్తే ఉంది. ఆవిడకి ఊళ్ళో సగం మంది చుట్టాలు, మిగతా సగం మంది శిష్యులు. బడిలో భాష చెప్పి రిటైరైన ఆవిడను ఊరందరూ చిన్నక్క అంటారు. ఆవిడకన్నా పెద్దవాడు, సొంత అన్నగారు, పడవలవాళ్ళ పెద్ద అయిన సరంగు కూడా చిన్నక్కా అనే పిలుస్తాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే వాళ్ళమ్మ, "చేసుకుందిగా, వ్యాకరణాన్ని" అని జవాబు చెప్తుంది.

"ఇంతమంది బంధువుల మధ్య మీరు తటస్థంగా ఉండగలరా?" అని సంఘం అధ్యక్షురాలు అడిగింది.

"వ్యాకరణం చెప్పినదాన్నండీ. కర్త ఎవరైనా నాకొకటే" అంది చిన్నక్క.

అంత గొప్పగా అన్నందుకు తర్వాత ఆవిడ నాలుక కరుచుకోని రోజు లేదు.

మొదటి రోజు ఓడ తరఫున మాట్లాడింది పొడుగు లాయరు. మనిషి చెడ్డవాడేం కాదు. ఫ్యాక్టరీ గుమ్మానికి నుదురు కొట్టుకుని కూడా గుమ్మానికే సారీ చెప్పేంత మర్యాదస్తుడు. ఆయన లేచి, రెండు చేతులూ బార్లా చాపి, హాలంతటినీ కౌగిలించుకునేటట్టు నిలబడి, చక్కటి గొంతుతో ఇంగ్లీషులో అన్నాడు: వుయ్ ఈ ఓడ బాధ్యత తీసుకోవాలి, వుయ్ దీనికి భుజం పట్టాలి.

ఇక్కడొక చిక్కుంది. వుయ్ అనే ఆ మాటకి గోడల్లేవు. ఎవరిని లోపల కూర్చోబెట్టిందో, ఎవరిని వాకిట్లో నిలబెట్టిందో చెప్పదు. మన భాషలో ఆ పప్పులుడకవు. మేము అంటే నువ్వు కాకుండా మేము. మనం అంటే నువ్వూ నేనూ కలిపి. ఎదుటివాడు మన చాప మీద ఉన్నాడా లేడా అన్నది నోరు తెరిచేలోపే తేల్చుకోవాలి.

చిన్నక్క తేల్చుకోవడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. ఆయన చాపిన చేతులు చూసింది. ఇంత పెద్దమనిషి మమ్మల్ని కలుపుకుని మాట్లాడుతున్నాడే అని ఆవిడ మనసు కరిగింది. మైకులోకి వంగి, కరిగిన మనసుతోనే పలికింది: "ఈ ఓడ బాధ్యత మనం తీసుకోవాలి. దీనికి మనం భుజం పట్టాలి."

హాలు చప్పట్లతో మోగిపోయింది. దుబాసీ మాట వినడానికి అందరికీ ఇచ్చిన యంత్రం చెవులకు తగిలించుకుని ముందు వరసలో కూర్చున్న వాళ్ళమ్మ, "మాటంటే అదీ!" అంది.

మాట అంటే మాటే. మర్నాడు పోటు సమయానికి ఊరు ఊరంతా రేవులో ఉంది. సరంగు అజమాయిషీలో పడవల తాళ్ళన్నీ కలిపి పేనారు. ఓడ నడుముకి మోకులు బిగించారు. ఐసు ఫ్యాక్టరీ లారీ ఒక కొసన, జనం మరో కొసన. మనం అన్నారు కాబట్టి ఓడ తరఫు వాళ్ళ కోసం తాడు పొడవునా మధ్యలో కాస్త చోటు కూడా ఖాళీగా వదిలారు. వాళ్ళు రాలేదు. పొడుగు లాయరు తను దిగిన హోటలు బాల్కనీలో నిలబడి ఫోటోలు తీస్తూ, అందరికీ ఉత్సాహంగా చెయ్యి ఊపాడు. పోటు తగ్గిపోతోందని సరంగు ఇక ఆగక "లాగండి!" అన్నాడు. ఓడ కదల్లేదు. మోకు తెగింది. తెగిన కొస గాల్లో ఎగిరి వచ్చి సరంగు మూతి మీద కొట్టింది. పైవరసలో ముందు పళ్ళు రెండూ సముద్రంలో కలిసిపోయాయి.

ఆ రోజు నుంచి సరంగు న అన్నచోటల్లా ల వస్తోంది. ఆ మాటలన్నీ ఉన్నవున్నట్టు రాస్తే చదివేవాళ్ళకి ప్రాణం విసుగొస్తుంది కనుక ఇక్కడ దిద్ది రాస్తున్నాం.

అన్నాచెల్లెళ్ళది ఒకటే ఇల్లు. ముందు భాగంలో అన్నగారి సంసారం, వెనక గదిలో చిన్నక్క, మధ్య హాల్లో అందరి మీదా నిఘాగా అమ్మ. భోజనాలు ఒకచోటే. మోకు తెగిన మూడో రోజునో నాలుగో రోజునో సరంగు కంచం ముందు కూర్చుని, చెల్లెలి వైపు చూడకుండా అన్నాడు:

"మా అమ్మకి మందులు తేవాలి. బజారుకెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి."

చిన్నక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఒక తల్లి కడుపున పుట్టిన చెల్లెలితో మా అమ్మ అంటాడా! తిట్టినా బాగుండేది. ఆ తర్వాత అదే వరస. మా ఇల్లు, మా వీధి, మేం భోంచేస్తాం, మేం పడుకుంటాం. ఆవిడ ఎదురుగా కూర్చుని ఉండగానే ఆవిడ చుట్టూ గీత గీసి బయట పెట్టేశాడు. చుట్టుపక్కల ఇంకెవరికీ అది తిట్టుగా వినపడదు. వ్యాకరణం చెప్పిన మనిషికి మాత్రం చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"ఇది న్యాయమా అన్నయ్యా?" అంది చివరికి ఉండబట్టలేక. "మన అమ్మ అనడానికి నోరు రావడంలేదా?"

"ఎలా వస్తుంది? పళ్ళేవీ?" అన్నాడు సరంగు. "నువ్వే చెప్పేదానివిగా బడిలో, న అనేది దంత్యం, నాలుక పళ్ళకి తగిలితేనే పలుకుతుందని. మేము అనడానికి పెదాలు చాలు. ఆ రెండో మాట అనబోతే నా నోట్లోంచి అశుద్ధమైన మాటొకటి వస్తోంది. పెద్దవాళ్ళ ముందు బాగోదు."

"నువ్వు, నేను, నాది అంటున్నప్పుడు లేని సిగ్గు, ఆ ఒక్క మాట దగ్గరే వచ్చిందా?"

"ఆ ఒక్క మాట వల్లేగా పళ్ళూడింది."

అమ్మ అటు చూసి, ఇటు చూసి, "ఇద్దరికీ కలిపి ఒకే దెబ్బ వేసే వయసు నాకు దాటిపోయింది" అని మజ్జిగ తాగి చెయ్యి కడుక్కుంది.

రెండోసారి సభ కూడినప్పుడు అసలు పిడుగు పడింది. పొడుగు లాయరు తను తీసిన ఫోటోలు ఒక్కొక్కటే తెర మీద వేయించాడు. తాళ్ళు కట్టిన ఓడ, తాడు లాగుతున్న జనం, నోరు తెరిచి అరుస్తున్న సరంగు, అప్పటికింకా పళ్ళతో. తర్వాత ఎంతో మృదువుగా చెప్పాడు. మొదటి రోజు ఈ సభలో ఈ ఊరి భాషలో వినిపించిన మాట మనం. ఊరు చప్పట్లు కొట్టి ఒప్పుకుంది. మర్నాడే వచ్చి ఓడ మీద చెయ్యి వేసింది. ములిగిన ఓడ మీద ఒప్పుకుని చెయ్యి వేసినవాళ్ళే దాన్ని తొలగించాలని దేశాల మధ్య ఒడంబడికలో ఉంది. కనుక ఓడను ఎత్తవలసిన బాధ్యత ఈ ఊరిదే. ఊరి ఉత్సాహాన్ని ఓడ తరఫు దేశాలన్నీ మనసారా అభినందిస్తున్నాయి.

ఇదంతా అన్న చెవిలో చెప్పవలసింది చెల్లెలే. కౌంటరు గాజులోంచి సరంగు తననే చూస్తున్నాడు. ఆవిడ తన మాటనే తన నోటితో తిరిగి ఊరి నెత్తిన పెట్టింది. ఒక్క అక్షరం తప్పించలేదు. హాలు గోల గోలైంది. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇక్కడ పాపమంతా వాళ్ళది, పిడికెళ్ళన్నీ ఊరివి.

సభ ముగిశాక చిన్నక్క అధ్యక్షురాలి దగ్గరికి వెళ్ళి, తప్పు తనదని, తనని తీసేసి ఆ మనం కూడా తీసెయ్యమని అడిగింది. అధ్యక్షురాలు మంచి మనిషే. అందరి బాధా ఓపిగ్గా వింటుంది, విన్నాక కళ్ళద్దాలు తుడుచుకుంటుంది.

"రికార్డయిన మాట రికార్డయిందేనమ్మా" అంది. "మాట్లాడినాయనే దాన్ని మార్చాలి. ఇక మిమ్మల్ని తీసేస్తే ఇంకో దుబాసీ ఎక్కడున్నారు?"

ఆ రాత్రి... కాదు, రాత్రి దాకా ఎందుకు, ఆ సాయంత్రమే చిన్నక్కకి జ్వరం వచ్చింది. ఊరు ఆ ఓడను ఎత్తాలంటే పడవలన్నీ అమ్ముకున్నా చాలదు. అది తన వల్ల. అన్న తనను మనంలోంచి తీసేశాడంటే తీసెయ్యడా మరి! పడుకుని, తను జీవితంలో పిల్లల చేత దిద్దించిన మనం అన్న మాటలన్నీ గుర్తు చేసుకుని ఏడ్చింది.

ఆఖరి సభ రోజున హాలు కిక్కిరిసిపోయింది. ఓడ తరఫు ప్రతినిధులందరూ ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. ఐసు ఫ్యాక్టరీ చల్లదనానికి వాళ్ళకి వణుకొస్తుంటే, కూలీలు జాలిపడి ఓడలో వచ్చిన కోట్లే తెచ్చి కప్పారు. వాళ్ళ దానం వాళ్ళ భుజాల మీద చక్కగా సరిపోయింది. పొడుగు లాయరు తుది ప్రతిపాదన చదవడానికి లేచాడు. మొదటి మాటే వుయ్.

చిన్నక్క నోరు తెరిచింది. మాట రాలేదు. మనం అనబోతే అన్న పళ్ళు కళ్ళ ముందు ఆడాయి. మేము అనబోతే, ఆయన అలా అనలేదేమో, ఇంకో తప్పు చేస్తున్నానేమో అని భయం. కావాలని ఆగిందని తర్వాత ఊరు గొప్పగా చెప్పుకుంది గానీ, అదేం లేదు, నిలువునా బిగుసుకుపోయింది. అందరి చెవుల్లోనూ ఉత్త గుర్రుమనే చప్పుడు.

"ఏమే చిన్నదానా, కరెంటు పోయిందా?" అని అమ్మ ముందు వరసలోంచి అరిచింది.

"యంత్రం పాడైందా?" అని అధ్యక్షురాలు.

"యంత్రం బాగానే ఉందండీ" అంది చిన్నక్క, చెమటలు కక్కుతూ. "మాటే ఇరుక్కుంది. ఆ వుయ్‌లో మా ఊరుందో లేదో ఆయన చెప్తే తప్ప మా భాషలో వాక్యం మొదలవదు. పోయినసారి నేనే ఊహించుకుని చెప్పాను. దానికి మా అన్న ముందు పళ్ళు పోయాయి."

అధ్యక్షురాలు ఎన్నాళ్ళ తర్వాతో కుర్చీలో నిటారుగా కూర్చుంది. "అయితే చెప్పించుకుందాం. లాయరుగారూ, వుయ్ అన్నచోటల్లా ఈ ఊరు అందులో ఉందో లేదో చెప్పి చదవండి."

లాయరు చిరునవ్వు నవ్వాడు. అదెంత పని? మొదటి వాక్యం: వుయ్‌కి సముద్రం ఉమ్మడి ఆస్తి. ఊరుందా? ఓ, తప్పకుండా.

"సముద్రం మనందరిదీ" అంది చిన్నక్క.

రెండోది: ఈ ప్రమాదంలో వుయ్ నష్టపోయాం. ఊరుందా? ఉంది.

"ఈ ప్రమాదంలో మనం నష్టపోయాం."

"ఆయన పళ్ళు ఆయనకున్నాయి కదా" అన్నాడు సరంగు వెనక వరసలోంచి.

మూడోది: ఓడ ఎత్తే భారం వుయ్ మొయ్యాలి. ఊరుందా? ముఖ్యంగా ఊరే.

"భారం మనం మొయ్యాలి."

నాలుగోది: ఎప్పుడు, ఎలా, ఎవరిచేత ఎత్తించాలో వుయ్ నిర్ణయిస్తాం. లాయరు కాగితం లోంచి తలెత్తాడు, మళ్ళీ దించాడు. అది సాంకేతిక విషయం. అందులో... ఊరు లేదు.

"ఎలా ఎత్తించాలో మేము నిర్ణయిస్తాం."

అయిదోది: పైకి వచ్చిన ఇనుమూ సామానూ వుయ్‌కి చెందుతాయి. ఊరు? లేదు.

"ఇనుము మాది."

ఆరోది: పని ఆలస్యమైతే వుయ్ ఓపిక పట్టాలి. ఈసారి చిన్నక్క అడగనేలేదు. హాల్లో ఉన్నవాళ్ళు ముప్పాతికమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు ఒక్క గొంతుతో అరిచారు: "మనం!"

ఆ తర్వాత దుబాసీతో పనే లేకపోయింది. లాయరు వుయ్ అనడమే తరువాయి, హాలు ఖర్చులకి మనం, ఖాతాకి మేము, కష్టానికి మనం, కమీషనుకి మేము అని అందుకుంటోంది. ఒక్కటీ తప్పు పోలేదు. లాయరు గొంతు ఒక్కో వాక్యానికీ ఒక్కో మెట్టు దిగిపోయింది.

"ఓహో, ఇప్పుడర్థమైంది" అంది అమ్మ, యంత్రం తీసి ఒళ్ళో పెట్టుకుని. "మోతకి మనం, మేతకి మేము!"

సభలో ఎవరేమన్నా ఇంగ్లీషు చెయ్యడం దుబాసీ విధి. చిన్నక్క అమ్మ మాటను ఇంగ్లీషు చేసింది. ప్రాస పోయింది గానీ పస పోలేదు. కోట్లు కప్పుకున్న బల్ల చుట్టూ ఎవరూ నవ్వలేదు.

అధ్యక్షురాలు ఈసారి కళ్ళద్దాలు తుడుచుకోలేదు. "నిర్ణయించే ఆ మేములో ఎవరెవరున్నారు? అది కూడా రాసుకుందాం" అంది.

జెండా దేశపు ప్రతినిధి గబగబా లేచి, మేము జెండా అద్దెకిచ్చామంతే, అందులో మేం లేమన్నాడు. కంపెనీ ప్రతినిధి, మాదొక తపాలా పెట్టె, పెట్టె ఎలా నిర్ణయిస్తుంది అన్నాడు. బీమా ఆయన తుపానులు తమ పరిధిలోకి రావన్నాడు. ఆ రోజు తుపాను లేదు కదా అంటే, లేని తుపానులు అసలే రావన్నాడు. దానం చేసిన దేశపు ఆవిడ, కోటు గుండీలు పెట్టుకుంటూ, మేం దాతలం, మమ్మల్ని ఇందులోకి లాగకండి అంది. బల్ల చుట్టూ ఒక్కొక్కరే మేములోంచి దిగిపోగా, చివరికి నిలబడి ఉన్నది పొడుగు లాయరొక్కడే.

"అయితే మేము అంటే మీరొక్కరేనా?" అంది అధ్యక్షురాలు.

"నేనా!" అన్నాడాయన, నిజంగా బెదిరిపోయి. "నేను రాసిచ్చింది చదువుతానంతే."

చిన్నక్కకి ఆ క్షణాన ఆయన మీద జాలేసింది. తనూ అంతే కదా, ఒకరి మాట ఇంకొకరి చెవిలో వేసే మనిషి. కానీ జాలికి సమయం లేదు. అధ్యక్షురాలు అడగవలసిన మాట అడిగేసింది: "మొదటి రోజు మీరన్న వుయ్ సంగతేమిటి? ఓడ బాధ్యత తీసుకోవాలన్న వుయ్?"

మనం అంటే ఆయన వాటా ఆయనకొస్తుంది. మేము అంటే మొత్తం వాళ్ళ నెత్తికే వస్తుంది. లాయరు బల్ల వైపు చూశాడు. బల్ల కోటు కాలర్లలోకి తలలు దూర్చుకుంది. చివరికి ఆయన, "ఆ రోజు నా ఉద్దేశం... మానవజాతి" అన్నాడు.

"మానవజాతి" అని చిన్నక్క మన భాషలోకి మార్చింది.

"మానవజాతా? తాడు లాగిన రోజు ఎక్కడా కనపడలేదే?" అంది అమ్మ. "వచ్చినవాళ్ళందరూ మా వీధివాళ్ళే."

అధ్యక్షురాలు బల్ల మీద చేత్తో తట్టింది. మాట్లాడినాయనే తన మాటకి అర్థం చెప్పాడు కనుక, ఆ మనం కొట్టివేస్తున్నామంది. మానవజాతి ఒప్పుకుందో లేదో గానీ, ఈ ఊరు మాత్రం దేనికీ ఒప్పుకున్నట్టు కాదు. ఓడను ఎత్తే బాధ్యత ఊరిది కాదు. చిన్నక్క ఆ వాక్యాన్ని మైకులో రెండుసార్లు చెప్పింది. రెండోసారి చెప్పమని ఎవరూ అడగలేదు, తనకే మళ్ళీ వినాలనిపించింది.

మరి ఎవరిది? దాని మీద మధ్యాహ్నమంతా నడిచింది. ఒప్పందం రెండు భాషల్లోనూ ఉండాలి. ఇంగ్లీషులో వుయ్ ఓడను తొలగిస్తాం అని హాయిగా రాసేసుకున్నారు. మన భాషలో మేము అని రాయడానికి వాళ్ళొప్పుకోరు, మనం అని రాయడానికి ఊరు చస్తే ఒప్పుకోదు. ఓడ తొలగించబడుతుంది అని రాద్దామని ఒక ప్రతినిధి తెలివిగా అన్నాడు. ఎవరిచేత అని హాలు మొత్తం ఒక్కసారే అడిగింది. చివరికి అందరికీ అన్నాలవేళ మించిపోతుంటే రాజీ కుదిరింది. ఆ ఒక్క మాటను అనువాదం చెయ్యకుండా వదిలేశారు. ఇప్పటికీ ఆ ఒప్పందంలో మన లిపిలో, అందంగా, ఇలా ఉంది: వుయ్ ఓడను తొలగిస్తాం.

సంతకాలవుతుండగానే ఆ మాట మెట్లు దిగి వీధిలో పడింది. కింద టీ కొట్టువాడు, బాకీ ఎవరిస్తారని అడిగిన భార్యతో, "వుయ్ ఇస్తాడ్లే" అన్నాడు. అప్పటి నుంచి ఊళ్ళో రానివాడికి, చెయ్యనివాడికి, మాటలు కోటలు దాటించేవాడికి అదే పేరు. పంపులో నీళ్ళు రాకపోతే బాగుచేసేది వుయ్. ఓడ కూడా ఎక్కడికీ పోలేదు, వుయ్ కోసం చూస్తూ అక్కడే పడుకుని ఉంది. కాకపోతే ఇప్పుడది ఊరి మెడకి కట్టిన ఓడ కాదు.

చిన్నక్క కౌంటరులోంచి అందరికన్నా ఆఖరున బయటికొచ్చింది. శిష్యులు చుట్టుముట్టి పొగుడుతుంటే ఆవిడకి ఒక్క ముక్కా తలకెక్కలేదు. కళ్ళు అన్న కోసం వెతుకుతున్నాయి. ఊరు బయటపడింది, సరే. ఇంట్లో రాత్రి కంచాల ముందు మళ్ళీ మా అమ్మ, మా ఇల్లేనా? ఈ సభ తీర్చని తగువు అదొక్కటే మిగిలింది.

సరంగు మెట్ల మీద అమ్మని ఒక రెక్క పట్టుకుని దింపుతూ, సగం మెట్ల దగ్గర ఆగి ఉన్నాడు. చెల్లెలు రావడం చూశాడు. గొంతు సవరించుకున్నాడు, అటు తిరిగాడు, మళ్ళీ ఇటు తిరిగాడు. ఆయన అన్న మాటను ఈ ఒక్కచోట దిద్దకుండా వదిలేస్తున్నాం.

"అలా చూస్తావేం చిల్లక్కా? మెట్లు జారతాయి. మలమ్మ రెండో రెక్క పట్టుకో."

"మలమ్మ ఎవర్రా? ఈ వయసులో నా పేరు మారుస్తావా!" అని అమ్మ గయ్యిమంది.

బడిలో ముప్పై ఏళ్ళు ఊరందరి ఉచ్చారణ దిద్దిన మనిషి నోరు మెదపలేదు. కళ్ళు తుడుచుకుని, నాలుగు మెట్లు దిగి, అమ్మ రెండో రెక్క పట్టుకుంది.